స్పెయిన్‌లో గ్రనడా ఊళ్లో ఉన్న పాత రాజభవనాల సముదాయం అల్హాంబ్రా టికెట్ మీద 10:30 అని ఉంది, ఆ టైము ఏ గేటుకి?

ఆ 10:30 మెయిన్ గేటుకి కాదు, లోపలున్న నస్రీద్ ప్యాలెస్ (నస్రీద్ వంశపు సుల్తానుల భవనం) గుమ్మానికి. గ్రనడా వెళ్లినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మెయిన్ గేటు నుంచి అక్కడికి నడకే 15-20 నిమిషాలు. 10:30కి మెయిన్ గేటు దగ్గర దిగితే స్లాట్ పోయినట్టే.

1. ముందు టికెట్ రకం చూడండి. 'జనరల్' అయితే సరే. 'గార్డెన్స్' టికెట్‌లో నస్రీద్ ప్యాలెస్ ఉండదు, అంటే పన్నెండు సింహాల ఫౌంటెన్ చూడలేరు.

2. టికెట్ చేతిలో ఉంది కాబట్టి మెయిన్ గేటుకి పోనక్కర్లేదు. సీ30 బస్సెక్కి జస్టిస్ గేట్ దగ్గర దిగండి. గుర్రపునాడా ఆకారంలో పెద్ద కమాను, పైన రాతిలో చెక్కిన అరచెయ్యి కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ప్యాలెస్ దగ్గర.

3. స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ కట్టించిన చదరపు భవనం పక్కనే క్యూ. 10:10కల్లా అక్కడుండండి.

4. ఒరిజినల్ పాస్‌పోర్టు తప్పనిసరి, పిల్లలవి కూడా. ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకుంటారని నమ్ముకోకండి.

లోపలికి వెళ్లాక తొందరేం లేదు, టైము ప్రవేశానికే. కానీ ప్యాలెస్ నుంచి బయటికొస్తే మళ్లీ అందులోకి రానివ్వరు. కోట, హెనెరలీఫె తోటలు ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.