పెరట్లో టైల్స్ మనమే వేసుకోవచ్చా? వేసుకోవచ్చు, కానీ ముందు వాలు చూసుకోండి

వంటింటి వెనక 10 బై 12 అడుగుల సిమెంటు గచ్చు ఉంది, దాని మీద టైల్స్ సొంతంగా వేసుకోవచ్చా, మేస్త్రిని పిలవాల్సిందేనా అని అడిగారు. వేసుకోవచ్చండీ. కిందటేడు ఇంచుమించు అంతే జాగాలో నేను వేశాను. సగం పీకి మళ్లీ వేశాను కూడా.

మొదటిసారి రసమట్టం పెట్టి మరీ బల్లపరుపుగా పరిచాను. ఇంట్లో నేల అలాగే ఉంటుంది కదా అనుకున్నా. తొలి వానకి నీళ్లు కాలువ వైపు పోకుండా గుమ్మం ముందే మడుగు కట్టాయి. ఆరుబయట నేలకి గోడ దగ్గర నుంచి కాలువ దాకా వాలు ఉండాలి, పది అడుగులకి అంగుళంపావు దాకా.

అందుకని టైల్స్ కొనకముందే గచ్చు మీద రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించండి. పావుగంట తర్వాత కూడా ఎక్కడ నిలిచి ఉంటే దాని చుట్టూ ముగ్గుపిండితో గీత గీయండి. మా గచ్చు మీద అలాంటి గుంటలు మూడు తేలాయి. వాటిని ముందు సిమెంటుతో సరిచేసి, బాగా ఆరనిచ్చాకే టైల్స్ పని పెట్టుకోవాలి. గచ్చు పగిలి ఒక పక్క దిగిపోతుంటే మాత్రం ఆగండి. అది కింద మట్టి సమస్య, పైన ఏం వేసినా పగులుతుంది.

నున్నగా మెరిసే టైల్స్ వద్దు. తడి కాలితో జారితే నడుం విరుగుతుంది. గరుకుగా, మందంగా ఉండే పార్కింగ్ టైల్స్ అడగండి. నేను 16 అంగుళాలవి తెచ్చాను. లెక్కకి 70 చాలు, ముక్కలకీ విరిగేవాటికీ కలిపి 78 తీసుకున్నా. విట్రిఫైడ్ రకం (గాజులా గట్టిపడేలా కాల్చినవి) అయితే నీళ్లు దాదాపు పీల్చదు, సిమెంటు పాలతో సరిగ్గా అంటదు. టైల్ అడ్హెసివ్, అంటే టైల్స్ అంటించే జిగురు పొడి, నీళ్లతో కలిపి వాడాల్సిందే.

రెండో తప్పు ఇక్కడే చేశాను. అడ్హెసివ్ పొదుపు చేద్దామని నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి టైల్ నొక్కేశాను. నెల తిరక్కుండా నిండు గ్యాస్ సిలిండర్ దింపగానే ఒక మూల చిట్లింది. రూపాయి బిళ్ళతో తట్టి చూస్తే మధ్యంతా డొల్ల చప్పుడు. పళ్ళ తాపీతో కింద అంతా పరిచి, టైల్ వెనక కూడా పల్చగా రాసి, రబ్బరు సుత్తితో తట్టాలి. అప్పుడప్పుడూ ఒకటి పైకి లేపి, వెనక అంతా అంటిందో లేదో చూసుకోండి.

ఎండాకాలం అయితే తెల్లారే మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ఆపేయండి. గచ్చు కాలితే అడ్హెసివ్ పరిచిన కాసేపటికే పైన పొర కట్టేస్తుంది. టైల్ టైల్‌కి మధ్య 3 మిల్లీమీటర్ల స్పేసర్లు (సందు సమంగా ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పెట్టండి. గోడ వెంబడి చిటికెనవేలు పట్టేంత సందు వదిలి సిలికాన్ (రబ్బరులా సాగే సీలెంట్) నింపండి, ఎండకి టైల్స్ సాగుతాయి. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ పని మర్నాడు.

కొళాయి పక్కన కత్తిరించిన ముక్క ఒకటి ఇప్పటికీ కాస్త వంకరే. మా అత్తయ్యగారు దాని మీద తులసి కుండీ పెట్టేశారు, ఎవరూ అడగడం లేదు.