హెచ్‌సీఐ మాస్టర్స్ కోసం ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: ఐదేళ్లుగా ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. స్క్రీన్ వెనక కోడ్ కంటే, ఆ స్క్రీన్ ముందు కూర్చున్న మనిషి ఎక్కడ తడబడుతున్నాడన్నదే నాకు ఎక్కువ ఆసక్తి. అందుకే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ (హెచ్‌సీఐ)లో రెండేళ్ల మాస్టర్స్ విదేశంలో చేయాలనుకుంటున్నాను. ఫీజు, ఖర్చులు అన్నీ కలిపితే దాదాపు 40 నెలల నా జీతం అవుతుంది. మొత్తం లోన్ తీసుకుందామని ఆలోచన. అందుకు నాన్నగారి ఇల్లు తాకట్టు పెట్టాలి, ఆయన మూడేళ్లలో రిటైర్ అవుతారు. నా దగ్గర 10 నెలల జీతమంత సేవింగ్స్ ఉంది. నెలనెలా జీతంలో మూడో వంతు మిగులుతుంది. ఈ అప్పు చేయొచ్చా?

జవాబు: చదవండి, కానీ ఈ లెక్కతో మాత్రం వద్దు. మీ ఆసక్తి నిజమైనదని ప్రశ్న చదివితేనే తెలుస్తోంది, దాన్ని వదులుకోమని నేను చెప్పను. నా అభ్యంతరమంతా ఆ 40 నెలల అప్పు మీద, దానికి హామీగా పెట్టే ఇంటి మీద.

ముందు వడ్డీ సంగతి. 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుందాం. సగం డబ్బు మొదటి ఏడాది, సగం రెండో ఏడాది విడుదలవుతుంది, చదువు పూర్తయ్యాక ఇంకో ఆరు నెలల దాకా కట్టక్కర్లేదు. ఊరటగానే అనిపిస్తుంది కానీ ఆ 30 నెలలూ వడ్డీ ఆగదు, సాధారణ వడ్డీ వేసుకున్నా లక్ష అప్పు కాస్తా ఈఎంఐ మొదలయ్యే రోజుకి 1,20,000 అవుతుంది. అప్పుడు నెలకి కట్టాల్సింది సుమారు 1,586, పదేళ్లలో కట్టేది దాదాపు 1,90,000. దీన్నే మీ 40 నెలల జీతానికి వేసి చూస్తే నెల ఈఎంఐ మీ ఇప్పటి జీతంలో 63 శాతం. గడువు 15 ఏళ్లకి సాగదీసినా సగం జీతం దాటుతుంది.

అక్కడికెళ్తే జీతం ఎన్నో రెట్లు వస్తుంది కదా అని మీరు అనొచ్చు. రావచ్చు, చాలామందికి వచ్చింది కూడా. కానీ 2022 చివర్లో, 2023లో పెద్ద టెక్ కంపెనీలు వరసగా ఉద్యోగాలు తీసేసినప్పుడు యూఎక్స్ రీసెర్చ్ టీములకీ, అంటే వాడేవాళ్ల ఇబ్బందులు పరిశోధించే టీములకీ, గట్టి దెబ్బ తగిలింది. ఆ ఏడాది డిగ్రీ చేతికొచ్చినవాళ్లు అంతకుముందు బ్యాచ్ కంటే తెలివి తక్కువవాళ్లేం కాదు, వాళ్లు బయటికొచ్చిన సమయం అలాంటిది. మీరు బయటికొచ్చే ఏడాది ఎలా ఉంటుందో మీరూ నేనూ ఎంచుకోలేం. అందుకే ఈ అప్పుకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఉద్యోగం దొరక్క వెనక్కి వచ్చేసి, మళ్లీ ఇప్పటి జీతానికే చేరినా ఈఎంఐ కట్టగలరా? చేతికొచ్చే జీతంలో పావు వంతు దాటకుండా కట్టాలంటే, పై వడ్డీ, గడువు ప్రకారం మీరు చేయగల అప్పు దాదాపు 16 నెలల జీతం. అంతకు మించి ఒక్క నెలది కూడా వద్దు.

సేవింగ్స్‌లో ఆరు నెలల ఖర్చులు, అంటే సుమారు నాలుగు నెలల జీతం, కదపకుండా పక్కన పెట్టండి. మిగిలిన ఆరు నెలలది చదువుకి వాడొచ్చు. 16, 6 కలిపితే 22. ఫీజు, అక్కడ బతకడానికయ్యే ఖర్చు, ప్రయాణాలు, ఇన్సూరెన్స్ అన్నీ కలిసి 22 నెలల జీతం లోపు వచ్చే కోర్సు అయితే ధైర్యంగా వెళ్లండి. 40 అయితే స్కాలర్‌షిప్ వచ్చి ఆ తేడా పూడితేనే.

ఇంకో ఖర్చు ఏ కోర్సు ఫీజు పట్టికలోనూ కనిపించదు. రెండేళ్ల చదువు, తర్వాత ఉద్యోగం వెతుక్కునే ఆరు నెలలు కలిపి 30 నెలలు మీకు జీతం ఉండదు. ఇప్పుడు నెలకి మూడో వంతు మిగులుతోంది కాబట్టి ఆ 30 నెలల్లో దాచుకోగలిగే 10 నెలల జీతం పోయినట్టే. అంటే ఐదేళ్లు పనిచేసి వెనకేసుకున్నంత సొమ్ము. అప్పు పక్కన దీన్ని కూడా రాసుకుని చూడండి.

కోర్సు ఎంత కాలం అన్నది అందుకే ముఖ్యం. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ హెచ్‌సీఐ మాస్టర్స్ (ఎంహెచ్‌సీఐ) మూడు సెమిస్టర్లలో, 12 నెలల్లో అయిపోతుంది, లండన్ యూసీఎల్‌లో హెచ్‌సీఐ ఎంఎస్సీ కూడా ఫుల్ టైమ్ చేస్తే ఏడాదే. అమెరికాలోనే జార్జియా టెక్ ఎంఎస్ హెచ్‌సీఐ నాలుగు సెమిస్టర్లు. ఏడాది కోర్సులో ఒక ఏడాది జీతం, ఒక ఏడాది అద్దె, తిండి మిగులుతాయి, కానీ మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్‌కి సందు ఉండదు. కార్నెగీ మెలన్‌లో ఆ లోటుని బయటి క్లయింట్ కోసం చేసే పెద్ద ప్రాజెక్ట్ (క్యాప్‌స్టోన్) కొంత తీరుస్తుంది. రెండేళ్ల కోర్సులో ఇంటర్న్‌షిప్ దొరికితే స్టైపెండ్ వస్తుంది, ఒక్కోసారి ఉద్యోగమే వచ్చేస్తుంది. డెవలపర్‌గా ఐదేళ్ల అనుభవం ఉన్న మీకు ఏడాది కోర్సే నయమని నా అభిప్రాయం. ఇప్పుడిప్పుడే కాలేజీ నుంచి వచ్చినవాళ్లకైతే రెండేళ్లదే చెప్పేవాణ్ని.

ఉద్యోగం కోసమే చేసే ప్రొఫెషనల్ మాస్టర్స్‌లో అసిస్టెంట్‌షిప్‌లు, అంటే యూనివర్సిటీలో పనిచేసి డబ్బు పొందే అవకాశాలు, తక్కువ, థీసిస్ ఉండే రీసెర్చ్ మాస్టర్స్‌లో ప్రొఫెసర్ దగ్గర పని దొరికితే ఫీజు భారం బాగా తగ్గొచ్చు. అమెరికా అయితే ఇంకోటి చూసుకోండి. డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి వస్తే, చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే 12 నెలల ఓపీటీ అనుమతికి మరో 24 నెలలు కలుస్తాయి. ఒకే రకం సబ్జెక్టులు చెప్పే రెండు కోర్సుల్లో ఒకటి స్టెమ్ కింద ఉండి, డిజైన్ డిగ్రీగా ఇచ్చేది లేకపోవచ్చు. అప్పు తీర్చడానికి దొరికే సమయం దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఫీజు కట్టకముందే యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి.

ఉద్యోగం మానకుండా చదివే దారి కూడా ఉంది. మీ విషయంలో నాకు ఎక్కువగా నచ్చేది ఇదే. జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో ఇప్పుడు హెచ్‌సీఐ స్పెషలైజేషన్ ఉంది. మొత్తం 10 కోర్సులు, ఫీజు క్యాంపస్ చదువుతో పోలిస్తే చాలా తక్కువ. సెమిస్టర్‌కి ఒకటి చొప్పున చేస్తే మూడేళ్ల పైనే పడుతుంది, ఆఫీసు అయ్యాక కూర్చుని చదవడం అంత తేలిక కాదు, పక్కన కూర్చుని డిజైన్ విమర్శించే క్లాస్‌మేట్స్ ఉండరు. కానీ జీతం ఆగదు, ఇల్లు తాకట్టు పడదు, నచ్చకపోతే రెండు కోర్సుల తర్వాత మానేసినా పోయేది కొంచెమే.

ఈ రంగంలో ఇంటర్వ్యూకి పిలిచేముందు పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల నమూనాలు, చూస్తారు. అది మొదలుపెట్టడానికి అడ్మిషన్ అక్కర్లేదు. మీ ప్రాడక్ట్‌లో ఒక ఫారం తీసుకోండి, ఐదుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, మనసులో అనుకునేది పైకి చెబుతూ నింపమనండి, మీరు మాత్రం సాయం చేయకండి. తేదీ గడి దగ్గర ముగ్గురు ఆగిపోయారనుకోండి. తప్పని చెప్పే ఎర్ర అక్షరాలు పేజీ పైన ఉన్నాయి, వాళ్ల కళ్లేమో కింద బటన్ మీద ఉన్నాయి, అందుకని బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు. ఆ అక్షరాలు గడి పక్కకే తెచ్చి, ఇంకో ఐదుగురితో చూడండి. ఏం గమనించారు, ఏం మార్చారు, మార్చాక ఏమైంది, ఏది పనిచేయలేదు అన్నది దాచకుండా రాస్తే ఒక కేస్ స్టడీ తయారు. ఇలాంటివి రెండు మూడు ఉంటే అప్లికేషన్‌కీ బలం, స్కాలర్‌షిప్ అడగడానికీ బలం. కంపెనీలోనే యూఎక్స్ టీముకి మారే అవకాశం కూడా రావచ్చు, అలా మారితే చదువు ఖర్చులో కొంత కంపెనీ భరిస్తుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి.

ఇక ఇల్లు. రిటైర్ అవ్వబోయే మనిషికి సొంతిల్లే అన్నిటికన్నా పెద్ద ధీమా. మీ అంచనా తప్పితే బ్యాంకు నోటీసు వచ్చేది ఆయన పేరు మీద, అప్పటికి ఆయనకి జీతం ఉండదు. నాన్నగారు సరేనన్నా మీరు వద్దనాల్సిన విషయం ఇది. తాకట్టు లేకుండా బ్యాంకు ఎంత ఇస్తుందో కనుక్కుని 16 నెలల గీత లోపల ఉండండి. ఆయన కో అప్లికెంట్‌గా సంతకం చేయక తప్పకపోతే, డబ్బు విడుదలయ్యేలోపే అప్పుకి వడ్డీ కలిపినంత మొత్తానికి మీ పేరు మీద టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, నామినీగా ఆయన్ని పెట్టండి. చదువుతున్నన్నాళ్లూ ప్రతి నెలా వడ్డీ మాత్రం కట్టేయండి. లక్షకి మొదటి ఏడాది నెలకి 417, రెండో ఏడాది నుంచి 833. అది ఆపకుండా కడితే ఈఎంఐ 1,322కి దిగుతుంది, మొత్తం మీద లక్షకి దాదాపు 11,700 మిగులుతుంది. ఆ వడ్డీకి కావాల్సిన డబ్బు వెళ్లేముందే లెక్కేసి, చదువుకి వాడే ఆరు నెలల జీతంలోంచి విడిగా తీసి వేరే ఖాతాలో పెట్టుకోండి, పైన చెప్పిన 22 నెలల గీత ఆ మేరకు తగ్గుతుందని మర్చిపోకండి.