కరోనా రోజుల్లో మా కౌన్సెలింగ్ గది డాబా ఎక్కిన కథ

ప్రశ్న: కరోనా టైములో చిన్న సైకాలజీ క్లినిక్ నడిపినవాళ్లు పేషెంట్లకీ తమకీ అంటకుండా ఎలా నెట్టుకొచ్చారు? మళ్లీ అలాంటిదొస్తే ఏం చెయ్యాలి?

మాస్కు, శానిటైజర్, ఆరడుగుల దూరం... ఆ జాబితా మీకూ కంఠతా వచ్చే ఉంటుంది, మళ్లీ రాయను. నా జవాబు ఒక్కటే. కిటికీ తెరవండి. తెరిచాక వచ్చే తలనొప్పి గురించే అసలు చెప్పాలి.

గుంటూరు అరండల్‌పేటలో మేడమీద రెండు గదుల క్లినిక్ నాది. ఒకటి మాట్లాడే గది, రెండోది నాలుగు కుర్చీల వెయిటింగు. నేనూ, రిసెప్షన్ చూసే అమ్మాయీ, అంతే స్టాఫు. పెద్దాసుపత్రుల కోసం రాసిన జాగ్రత్తలు చదివితే నవ్వొచ్చేది. రావడానికో దారి, పోవడానికో దారి ఉండాలట. మా మెట్ల మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు మళ్లీ కిందికి దిగాల్సిందే.

మా వృత్తిలో జరిగేదేంటో ఒకసారి ఆలోచించండి. తలుపేసి, కిటికీ మూసి, ఏసీ పెట్టుకుని, ఇద్దరు మనుషులు యాభై నిమిషాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడతారు. పళ్ల డాక్టరు దగ్గరైనా నోరు తెరుస్తారు గానీ మాట్లాడరు. మా దగ్గర మాటే మందు. ఏడుస్తారు, ముక్కు చీదుతారు, కోపమొస్తే అరుస్తారు. ఈ గది అద్దెకు తీసుకున్నప్పుడు నేను పెట్టిన పెద్ద ఖర్చు కిటికీకి డబుల్ అద్దం, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. లోపలి మాట వెయిటింగు దాకా రాకూడదని. మాట పోని చోట గాలి కూడా పోదన్న సంగతి కరోనా వచ్చాక గానీ బుర్రకెక్కలేదు.

అది కూడా వెంటనే ఎక్కలేదు. 2020 మార్చి చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ఇది గాలిలో వ్యాపించే జబ్బు కాదని గట్టిగా చెప్పింది. అందరిలాగే నేనూ తలుపు గొళ్లేలు తోముతూ కూర్చున్నా. ఒక శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగు ద్రావణం) కొట్టీ కొట్టీ రెక్సిన్ కుర్చీలు తెల్లమచ్చలు తేలాయి. 3,500 పెట్టి మధ్యలో అక్రిలిక్ షీటు పెట్టించా. వారం తిరక్కుండానే తీసేశా. లైటు వెలుతురు అందులో పడి పేషెంటుకి నా మొహం బదులు తన మొహమే కనపడేది. ఏడుస్తూ తన ఏడుపు తానే చూసుకోవాల్సి రావడం ఎంత నరకమో ఒక అమ్మాయి చెబితే తెలిసింది. ఇక నుదుటి మీద పెట్టే ఆ జ్వరం తుపాకీ! ఎవరికి గురిపెట్టినా 94. ఆ లెక్కన గుంటూరులో వెచ్చటి మనిషి ఒక్కడూ లేడు. శానిటైజర్ 200 మిల్లీలీటర్లు 100 రూపాయలకు మించి అమ్మకూడదని కేంద్రం ధర కట్టింది కదా, ఆ ధరకి దొరికిన సీసా నేనైతే చూడలేదు.

పిల్లల టెస్టులది ఇంకో గోల. వికలాంగుల సర్టిఫికెట్ కోసం ఐక్యూ చూడమని తల్లిదండ్రులు వస్తారు. సెగ్విన్ బోర్డు అని పది కొయ్య ముక్కలుంటాయి, నక్షత్రం, గుండ్రం, సిలువ అలా. పిల్లాడు వాటిని గళ్లలో అమర్చాలి. అమర్చేముందు నోట్లో పెట్టుకుంటాడు, వాడికి కరోనా ఏంటి, గిరోనా ఏంటి. ప్రతి టెస్టు తర్వాత సబ్బునీళ్లతో తుడిచి అప్పడాల్లాగా ఎండబెట్టేవాళ్లం. రంగు వెలిసిపోయింది గానీ ఆ బోర్డు ఇప్పటికీ వాడుతున్నా.

ఫోనులో చెయ్యొచ్చుగా అంటారు. చేశాను. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఆశగా తెరిచి చూస్తే అవి రిజిస్టరైన డాక్టర్ల కోసం. ఎంఫిల్ చేసి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) లైసెన్సు పెట్టుకున్న మా సైకాలజిస్టులం ఏ కోవలోకి వస్తామో మాకే తెలీదు. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు గారు నా ఐడీ కార్డు అటూ ఇటూ తిప్పి, "మాటలు చెప్పడానిక్కూడా బయటికి రావాలా మేడం?" అన్నాడు. ఆయన్నేం అంటాం, మా చుట్టాలదీ అదే మాట. కాసేపు మాట్లాడ్డానికి ఆరొందలా అని.

ఫోనుతో చిక్కేమిటంటే, ఎవరి వల్ల బాధో ఆ మనిషి పక్కగదిలోనే ఉంటాడు. ఒకావిడ బాత్రూములో పంపు తిప్పుకుని మాట్లాడేది. ఇంకొకావిడ ఉన్నట్టుండి "సరే అక్కా, పెరుగు తోడుపెట్టాను" అందంటే ఆయనగారు వచ్చాడని గుర్తు. అక్కణ్ణుంచి అవును, కాదు అని సరిపెట్టే ప్రశ్నలే అడిగేదాన్ని. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లెవరైనా ఉంటే, ఫోనెత్తగానే ఎక్కడున్నారు, పక్కనెవరున్నారు అని అడగండి. లైను తెగితే చెయ్యడానికి దగ్గరివాళ్ల నంబరొకటి ముందే రాసిపెట్టుకోండి. చచ్చిపోవాలనుందన్నవాళ్లనీ, ఇంట్లో దెబ్బలు తినేవాళ్లనీ, చిన్నపిల్లల్నీ మాత్రం ఫోనుకి వదిలెయ్యకండి, పిలిపించండి. ఆ లాక్‌డౌన్లోనే బ్రాందీ షాపులు మూతపడినప్పుడు "పీడా పోయింది మేడం, మానేశాడు" అని సంబరంగా చెప్పిన ఇల్లాలు మూడోరోజు "చేతులు వణుకుతున్నాయి, గోడమీద పురుగులు పాకుతున్నాయంటున్నాడు" అని ఫోన్ చేసింది. అది మాటలతో పోయేది కాదు, అడ్మిషన్ కేసు. వెంటనే పెద్దాసుపత్రికి పంపించా.

సరే, డాబా సంగతి. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నా.

2021 మార్చి మొదట్లో. మొదటి విడత పోయింది, అందరూ మాస్కులు గడ్డం కిందికి దించేశారు, ఊళ్లో మున్సిపల్ ఎన్నికల హడావిడి. తెనాలి వైపు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు వచ్చేవారు. ముందటి ఆగస్టులో భార్య కరోనాతో పోయింది. అప్పుడు ఆయన కూడా వేరే వార్డులో ఆక్సిజన్ మీదున్నారు. ఆఖరి చూపు లేదు. మున్సిపాలిటీ వాళ్లే దహనం చేశారు. కూతురు బలవంతం మీద నా దగ్గరికి వచ్చారు. అప్పటికి మూడు వారాలు కూర్చున్నారు గానీ ఎండలు, పెన్షన్, ఎన్నికలు తప్ప వేరే మాట లేదు.

నాలుగో వారం ఏదో చెప్పబోయి గొంతు పూడుకుపోయి మాస్కు లాగేశారు. నాకూ ఆయనకీ మధ్య నాలుగడుగులు. ఏసీ నడుస్తోంది. ఏడిస్తే ఎన్95 తడిసి మొహానికి అతుక్కుపోతుంది, ఊపిరాడదు. ఎవరైనా తీసేస్తారు. (అందుకే టిష్యూ డబ్బా పక్కన కొత్త మాస్కులు పెట్టడం తర్వాత అలవాటు చేసుకున్నా. మా వృత్తిలోవాళ్లకి ముందు ఇది చెప్పండి.) "మాస్టారూ, మాస్కు పెట్టుకోండి" అని ఆ క్షణంలో ఏ నోటితో అంటాను? లేచి కిటికీ బార్లా తీశా. వెంటనే కిందనుంచి మైకు ఆటో: "మన వార్డు అభివృద్ధి కోసం...". ఎదురు బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ చెయ్యి ఆపి మరీ ఇటే చూస్తోంది. మాస్టారు గబగబా కళ్లు తుడుచుకుని "పర్లేదమ్మా" అన్నారు. అయిపోయింది. తెరుచుకోబోయిన ఆ మనసు తలుపు మళ్లీ మూసుకుపోయింది.

ఆ రాత్రే ఓనరు పిన్నిగారిని డాబా అడిగా. వాటర్ ట్యాంకు నీడలో రెండు కుర్చీలేస్తే అటూ ఇటూ పిట్టగోడ, ఎవరికీ కనపడం, గాలికి లోటు లేదు. ఆవిడ సరేనన్నారు గానీ ఒక మాట చెప్పడం మరిచిపోయారు. గురువారం నేనూ మాస్టారూ మెట్లెక్కి పైకెళితే డాబా అంతా ఎర్రగా మిరపకాయలు. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోడానికి మణుగు కాయలు తెప్పించి, పాత చీరల మీద ఆరబోశారు.

గుంటూరులో పుట్టి పెరిగినా మధ్యాహ్నం పన్నెండింటికి ఆ ఘాటు మధ్య కూర్చుని చూడండి తెలుస్తుంది. నాకు తుమ్ములు, ఆయనకి దగ్గు. మాస్కులుండి కూడా ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు. "కిందికి పోదాం మాస్టారూ" అని లేస్తుంటే ఆయన కదల్లేదు. ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచారు. ఇంకోటి తుంచారు. అలా ఓ పది తుంచాక, తల ఎత్తకుండానే, "మా జాడీలో ఇంక నాలుగు చెంచాలుందమ్మా" అన్నారు.

ముందటేడు మార్చిలో, లాక్‌డౌన్‌కి వారం ముందు, భార్య పట్టించిన కారం. మామూలుగా ఏడాది వస్తుంది. ఆవిడ పోయినప్పట్నుంచీ ఈయన చప్పిడి తింటూ దాన్ని పొదుపు చేస్తున్నారు. కూతురికి తెలీదు, బీపీ కోసం కారం మానేశారనుకుంటోంది. ఆ జాడీ అడుగంటడం ఆయనకి ఆవిడ రెండోసారి పోవడమే. అది చెప్పి, దగ్గుతూ, తుమ్ముతూ, ఏడుస్తూ గంటసేపు మాట్లాడారు. మూడు నెలలు పడుతుందనుకున్నది ఆ గంటలో అయింది. డాబాలూ మిరపకాయల మీద పరిశోధనలేమున్నాయో నాకు తెలీదు, అవసరమూ లేదు. చేతికి పని ఇస్తే నోరు తెరుచుకుంటుంది, నా ఇరవయ్యేళ్ల అనుభవంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకో లాభం కూడా ఉంది. కళ్లు, ముక్కు ముట్టుకోవద్దని ప్రభుత్వం ఏడాదిపాటు చెప్పినా వినని జనం, మిరపకాయ పట్టుకున్నాక ఒక్కసారికే నేర్చుకుంటారు.

తర్వాత జరిగిన రభస వినండి. ఎదురు బాల్కనీ ఆవిడకి మా దగ్గులూ తుమ్ములూ వినిపించాయి. సాయంత్రానికల్లా వార్డు వాలంటీరు కుర్రాడు, వెనకాలే ఏఎన్ఎం నర్సమ్మా దిగారు. మేడమీద క్లినిక్కులో కరోనా పేషెంట్లని దాచిపెట్టారట! మిరపకాయలు చూపించినా వినరే. నాకు టెస్టు చేశారు, ఆయనకీ చెయ్యాలన్నారు, పేరూ ఊరూ ఇవ్వమన్నారు. నా అసలు భయం అక్కడ. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళుతున్నాడని ఊళ్లో తెలియకూడదనే కదా ఆయన తెనాలి చుట్టుపక్కల ఎవరూ వద్దని గుంటూరు దాకా వస్తున్నది. ఫోన్ చేసి విషయం చెప్పా. మర్నాడు పొద్దున్నే తానే వచ్చి ముక్కులో పుల్ల పెట్టించుకున్నారు. ఇక్కడికెందుకొచ్చారని ఆ కుర్రాడు నలుగురి ముందూ అడిగితే, మాస్టారు తడుముకోకుండా, "మిరపకాయల బేరానికొచ్చాను నాయనా" అన్నారు. ఇద్దరికీ నెగెటివే. ఎదురు బాల్కనీ ఆవిడ ఊరుకుందా? పిన్నిగార్ని పట్టుకుని కిలో ఎంతకిస్తున్నారని అడిగింది.

ఆ తర్వాత అదే మాకు ముసుగైంది. ఎవరైనా అడిగితే కాయల కోసం వచ్చామనేవాళ్లు. పిన్నిగారు కూడా "ఊరికే కూర్చుని మాట్లాడే బదులు తొడిమలు తీస్తూ మాట్లాడుకోవచ్చుగా అమ్మాయ్" అని చాటలు తెచ్చి పెట్టేవారు. మణుగు కాయల తొడిమలు నా పేషెంట్లే తీశారు, ఆవిడ అద్దె మాత్రం పైసా తగ్గించలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. రెండో విడత గురించి రాయాలని లేదు. మే 5 నుంచి మా దగ్గర మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. పొద్దున ఆరున్నరకే డాబా మీద మొదలుపెట్టి పదకొండింటికి ముగించేదాన్ని. మనిషికి యాభై కాదు, ముప్పై అయిదు నిమిషాలే. వచ్చినవాళ్లు కింద బండి మీదే కూర్చోవాలి, నేను ఫోన్ చేస్తే పైకి రావాలి. జనవరి 16న వైద్య సిబ్బందికి టీకాలు మొదలైతే మా క్లినిక్ పేరు ఏ లిస్టులోనూ లేదు. ఏప్రిల్ ఒకటిన నలభై అయిదు దాటినవాళ్లందరికీ అన్నాక, వయసు పుణ్యాన వేయించుకున్నా. ముసలితనానికున్న విలువ నా లైసెన్సుకి లేకపోయింది.

ఆ మే నెలలోనే కేంద్ర ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం వాళ్లు ఒక సలహా పత్రం ఇచ్చారు. పెద్ద తుంపరలు 2 మీటర్లలో రాలిపోతాయి, సన్నవి గాలిలో 10 మీటర్ల దాకా పోగలవు, కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టండి అని. ఏడాది ముందే ఈ ముక్క చెప్పుంటే నా రెక్సిన్ కుర్చీలైనా మిగిలేవి. మా క్లినిక్ నుంచి ఒక్కరికీ అంటలేదు. డాబా వల్లేనని నా వాదన, అదృష్టమని మా ఆయన వాదన.

వానాకాలంలో డాబా కుదరదు కాబట్టి గదిలోకి దిగక తప్పలేదు. ఏసీ పీకేసి, వెనక సందు వైపు గోడకి కంత పెట్టించి, వంటింట్లో వాడే ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించా. 1,400 అయింది. ఇద్దరి మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ ఉంచి దాన్ని తిప్పేదాన్ని. ఒకరోజు ఆపడం మరిచిపోయి సెషను మొదలుపెట్టా. అయ్యాక బయటికొచ్చి రిసెప్షన్ అమ్మాయిని అడిగితే, లోపలి మాట ఒక్కటీ వినపడలేదంది. ఫ్యాను గరగరలో అంతా కలిసిపోయిందట, అదీ తలుపు ఓరగా తీసి ఉండగా. నేను నమ్మక, ఆ పిల్లని లోపల కూర్చోబెట్టి గట్టిగా ఎక్కాలు చదవమని, వెయిటింగులో నిలబడి చెవి రిక్కించి విన్నా. పదమూడో ఎక్కం అయ్యేదాకా నాకు వినపడింది గరగరే. డబుల్ అద్దానికి పోసిన పద్దెనిమిది వేలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.