‘నాకూ అంతే’ అనే మనిషి కావాలి

ప్రశ్న: అన్నా, నాకు 27 ఏళ్లు. యాక్సిడెంట్‌లో ఛాతీ భాగంలో, టి-4 అనే వెన్నుపూస దగ్గర వెన్నుపాము దెబ్బతిని తొమ్మిది నెలలైంది. మొదట్లో రోజూ వచ్చిన ఫ్రెండ్స్ ఇప్పుడు రావడం లేదు. ఇంట్లోవాళ్లు బాధపడతారని వాళ్లకీ ఏం చెప్పుకోలేను. ఆన్‌లైన్‌లో నాలాంటివాళ్ల గ్రూపులో చేరితే ఉపయోగం ఉంటుందా, దిగులు ఇంకా పెరుగుతుందా?

జవాబు: చేరు తమ్ముడూ. నేనూ వీల్‌చెయిర్‌లోనే ఉంటాను, నాకు కలిసొచ్చింది కాబట్టే చెబుతున్నాను. కొత్తలో రాత్రిళ్లు నా కాళ్లు వాటంతటవే బిగుసుకుపోయి దుప్పటిని తన్నేసేవి, స్పర్శే లేని కాళ్లు ఎలా కదులుతున్నాయో తెలీక, నయమైపోతోందేమోనని ఆశపడి, తెల్లారేసరికి ఏడ్చేవాణ్ని. ఒకరోజు రాత్రి రెండింటికి గ్రూపులో అడిగితే ఒకాయన వెంటనే రాశాడు: ‘అవి స్పాజమ్స్, నాకూ వస్తాయి, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా ఎక్కువవుతాయి, రేపు డాక్టర్‌కి చెప్పు.’ ఆ ‘నాకూ’ అన్న మాటకే ఆ రాత్రి నిద్ర పట్టింది.

నీ లెవెల్‌కి దగ్గరగా ఉన్నవాళ్లని వెతుక్కో. మెడ దగ్గర దెబ్బ తగిలి చేతులు కూడా సరిగా ఆడని మనిషికి రోజు గడిచే తీరు వేరు, నీది వేరు. చేరగానే కథంతా చెప్పక్కర్లేదు, చిన్న ప్రశ్న ఒకటి అడుగు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి క్యాథెటర్ (మూత్రం తీసే ట్యూబు) వేసుకోవాల్సిన వాళ్లు బయటికెళ్తే ఎలా మేనేజ్ చేస్తున్నారు అని అడిగినా చాలు. మలమూత్రాల సంగతి, పెళ్లి, సెక్స్, ఇంట్లో నోరు తెరవలేనివన్నీ అక్కడ మామూలుగా మాట్లాడుకుంటారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. నీ దెబ్బ టి-6 కంటే పైన ఉంది కదా (నంబరు తగ్గేకొద్దీ మెడకి దగ్గర), ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా చెమటలు వస్తే పోస్టు పెట్టి జవాబు కోసం చూడకు. బీపీ ప్రమాదకరంగా పెరిగే ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా కావచ్చు. వెంటనే నిటారుగా కూర్చో, బిగుతు బట్టలు వదులు చెయ్, మూత్రం నిండిందేమో, ట్యూబు మెలిపడిందేమో పక్కనున్నవాళ్లని చూడమను, తగ్గకపోతే ఆసుపత్రికే.

స్టెమ్‌సెల్స్‌తో నడిపిస్తామని డబ్బడిగేవాళ్లని, ఫొటోలు పంపమనేవాళ్లని బ్లాక్ చెయ్. తెగిన వెన్నుపామును మళ్లీ మామూలుగా చేసే చికిత్స ఇంకా రాలేదు.

దిగులంటావా, కొన్ని పోస్టులు చదివితే మనసు బరువెక్కడం నిజమే, అలాంటి రోజు నోటిఫికేషన్లు ఆపెయ్. ఎన్ని రోజులైనా బరువు దిగకపోతే డాక్టర్‌తో చెప్పి కౌన్సెలింగ్ అడుగు. పాత ఫ్రెండ్స్‌లో ఒకడికి నువ్వే ఫోన్ చెయ్. ఏం మాట్లాడాలో తెలీక రావడం మానేసినవాళ్లు వాళ్లలో కొందరైనా ఉంటారు.