టాప్ కోయడం ఒక్క పూట పని, అతకడం ఎనిమిది నెలల పని

తాతగారి అంబాసిడర్ టాప్‌ని మోసే స్తంభాలు నాలుగంగుళాలు కోసి, టాప్ కిందికి దించాలనుంది, మంచి మెకానిక్ దొరికితే ఎన్ని రోజులు పడుతుందని అడిగారు. రోజులు కాదండీ, నెలలు. మేం చేసిన బండికి ఫిబ్రవరిలో మొదలుపెడితే సెప్టెంబరు అయింది, అదీ ఒక్క శని ఆదివారం కూడా వదలకుండా.

నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్‌లో, నాన్న లారీ బాడీ షెడ్డులో. ఇప్పుడు ఉంటున్నది కాలిఫోర్నియాలో, శాక్రమెంటో. మా పక్కింటి పెద్దాయన రిటైరైన వెల్డరు. ఆయన దగ్గర ఫోర్డ్ వాళ్ల 1950 మెర్క్యురీ కూపే, అంటే రెండు తలుపుల కారు, ఉంది. 1949 నుంచి 51 దాకా వచ్చిన మెర్క్యురీ అంటే ఇక్కడ టాప్ కోసేవాళ్లకి ఇలవేల్పు. కార్లని ఇలా మార్చడంలో పేరున్న శామ్ బారిస్ తన సొంత 1949 మోడల్ టాప్ కోశాడు. తర్వాత 1952లో తమ్ముడు జార్జ్‌తో కలిసి బాబ్ హిరోహటా అనే కుర్రాడి 51 మోడల్‌ని ముందు నాలుగు, వెనక ఏడు అంగుళాలు దించాడు. ఆ బండి 2022 వేలంలో 20 లక్షల డాలర్లు దాటి పోయింది. ఆ ధర చూసి అందరూ రంపం పట్టుకుంటున్నారు.

మా కోత రోజు గురించి చెబితే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. సీట్లు, అద్దాలు, లోపలి గుడ్డ అన్నీ అంతకుముందే ఊడదీశాం. గుడ్డ లాగినప్పుడు డెబ్బై ఏళ్ల దుమ్ము నెత్తిన పడింది. తలుపుల మధ్య చదరపు పైపులు అడ్డంగా, ఐమూలగా వెల్డు చేశాం. అవి లేకుండా కోస్తే బాడీ విచ్చుకుపోయి మళ్లీ తలుపు పడదు. ప్రతి స్తంభం మీదా నాలుగంగుళాల ఎడంతో రెండు నీలం టేపులు. పెద్దాయన ప్రతి టేపునీ మూడుసార్లు కొలిచి, వేలితో తట్టి, అప్పుడు కటింగ్ మిషన్ నా చేతికిచ్చాడు. ఆఖరి స్తంభం తెగుతుండగా టాప్ కాస్త కుంగి డిస్కుని పట్టేసింది, ముక్క ఎగిరి గోడకి తగిలింది. నాన్న షెడ్డులో నేర్పినట్టు డిస్కుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడ్డాను కాబట్టి నాకేం కాలేదు. అప్పుడు టాప్‌ని తాడుతో దూలానికి కట్టాం. ఆ పని ముందే చేయాల్సింది, మీరు తప్పకుండా చేయండి.

నలుగురం టాప్ ఎత్తి, స్తంభాల ముక్కలు తీసేసి, కిందికి దించాం. ముందు స్తంభం పై ముక్క కింది ముక్కకి మూడు వేళ్లు పట్టేంత వెనక కూర్చుంది. వెనక వైపు చూస్తే ముందుకి జరిగింది. ఎందుకో తెలియాలంటే ఒక వెదురు గంప బోర్లించి, నడుమ నాలుగంగుళాల పట్టీ కోసి తీసేసి, పై ముక్కని కింది దానిమీద పెట్టి చూడండి. పైది చిన్నదైపోతుంది. కారు స్తంభాలు కూడా అలా లోపలికి వాలే ఉంటాయి. అందుకే పొట్టిదైన టాప్‌ని మళ్లీ అడ్డంగా రెండు చేసి, ముందు సగాన్ని ముందుకి జరిపి, మధ్య ఖాళీలో కొత్త రేకు వేశాం. వెనకద్దం కోయకుండా ముందుకి వాల్చాం. టాప్ కోయడం మధ్యాహ్నానికల్లా అయిపోయింది. మిగతా ఎనిమిది నెలలూ ఈ అతుకులే. రేకుని ఏకబిగిన వెల్డు చేస్తే వేడికి ఉబ్బి అలలు తేలుతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, చల్లారాక సుత్తి, డోలీతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) సరిచేసి, మళ్లీ ఇంకో చుక్క.

టీవీలో చూపించేవాళ్ల మీద నాకు చాలా కోపం. రంపం పెట్టిన నిప్పురవ్వలు చూపిస్తారు, ఒక ప్రకటన వస్తుంది, తిరిగొచ్చేసరికి రంగు వేసేసి ఉంటుంది. ఆ నడుమ వంగిన నడుము ఎవరిది? బారిస్‌ల కాలంలో అతుకుల మీద కరిగించిన సీసం పోసి చెక్కతో నునుపు చేసేవాళ్లు, అందుకే ఆ బండ్లకి లెడ్ స్లెడ్లని పేరు. ఇప్పుడు అంగుళం మందం పుట్టీ మెత్తి రంగు కొట్టేస్తున్నారు. రెండు ఎండాకాలాలు గడిస్తే పగులుతుంది. ఇక మన తెలుగువాళ్ల కలయికల్లో, ఇంత చదువుకుని ఆ రేకులు గీకడం దేనికని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మా నాన్న చేసిన పనిని చిన్నచూపు చూస్తే నేను ఊరుకోను. ఆటోనగర్ టింకరింగ్ మేస్త్రీలు కంటికొలతతో వంచే రేకు ఇక్కడ నేను చూసిన ఏ షాపుకీ తీసిపోదు. వాళ్లకి కావాల్సింది తొందరపెట్టని ఓనరు.

మీ అంబాసిడర్ సంగతికొస్తే, ముందు అద్దం మూల ఏం రాసుందో చూడండి. లామినేటెడ్ (నడుమ ప్లాస్టిక్ పొరతో అతికిన రెండు అద్దాలు) అయితే రెండు వైపులా గీత పెట్టి కోయొచ్చు. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం) అయితే కోయబోతే పటిక బెల్లం పలుకుల్లా రాలిపోతుంది. లామినేటెడే అయినా ధీమా వద్దు, మాకు ఒక షాపులో రెండు అద్దాలు పగలగొట్టారు, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కోసిన బండిని రోడ్డెక్కిస్తే ఇబ్బందే. పైగా 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, పాడైతే కొత్త బాడీ షెల్ తేలేరు. తాతగారి బండిని అలాగే ఉంచి, స్క్రాపులో ఒక అంబాసిడర్ టాప్‌ని స్తంభాలతో సహా కొనండి. దాన్ని కోయండి, అతకండి. అది నున్నగా వచ్చాక మిగతాది ఆలోచిద్దాం. టాప్ ఇంటికి తెచ్చిన రోజు ఇక్కడే ఫొటోలు పెట్టండి, టేపు ఎక్కడ అంటించాలో గీసి చూపిస్తాను.