కొండ సైకిల్‌కి బ్యాగు కొనబోయే అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోల్లో బ్యాగులన్నీ ముప్ఫై లీటర్లవి. అవి ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లవి. అనంతగిరి కొండల్లో పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి తిరిగొచ్చే రైడ్‌కి 12 నుంచి 14 లీటర్లది చాలు. ఖాళీ ఉందంటే ఏదో ఒకటి కుక్కుతాం, దిగుడులో ఆ బరువంతా మెడ మీదికొస్తుంది. రెండు లీటర్ల నీళ్లు, ఒక ట్యూబు, చిన్న పంపు, టైరు ఊడదీసే లివర్లు రెండు, మడతపెట్టే పనిముట్ల మల్టీటూల్, తెగిన చైన్‌ని కలిపే క్విక్ లింకు, ప్యాచ్ కిట్టు, రెయిన్ జాకెట్టు, కాస్త తిండి. అన్నీ కలిపి నాలుగు కిలోలు దాటనివ్వకు.

షాపువాడు ‘600డీ గుడ్డ సార్’ అంటాడు, పడిపోకు. డీ అంటే డెనియర్, 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. దారం ఎంత లావో తెలుస్తుంది గానీ ఎంత గట్టిదో తెలియదు. అడుగుకి 420 లేదా 500 డెనియర్ నైలాన్ ఉన్నది చూడు, రాళ్ల రాపిడికి అదే డెనియర్ పాలిస్టర్ కన్నా బాగా ఆగుతుంది. పైభాగానికి 210 డెనియర్ రిప్‌స్టాప్ సరిపోతుంది. అందులో గళ్లుగళ్లుగా లావు దారం నేస్తారు కాబట్టి చిరుగు పాకకుండా ఆ గడి దగ్గర ఆగుతుంది.

అయినా బ్యాగులు గుడ్డ చిరిగి పోయేది తక్కువ. పోయేదంతా కుట్ల దగ్గరే. షాపులోనే జిప్పు పూర్తిగా తీసి, బ్యాగు లోపలి వైపు బయటికి తిప్పి చూడు. భుజం పట్టీ పైకొస వీపు గుడ్డలోకి వెళ్లేచోట ఒక్క వరస కుట్టు ఉంటే అక్కడే పెట్టేసి వచ్చెయ్. దగ్గర దగ్గరగా ముందుకీ వెనక్కీ వేసిన మందపాటి అడ్డకుట్టు గానీ, చదరం మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కుట్టు గానీ ఉండాలి. లోపలి అంచులకు పైపింగ్ ఉందా చూడు. అంచు గుడ్డ పోగులు లేచి కనిపిస్తుంటే, కుట్టు తెగకపోయినా గుడ్డే కుట్టులోంచి జారిపోతుంది. మిగతా చోట్ల కుట్టు మరీ ఒత్తుగా ఉన్నా మంచిది కాదు, సూది రంధ్రాల వెంబడి గుడ్డ చింపినట్టు వచ్చేస్తుంది. చివరికి పట్టీ పట్టుకుని గట్టిగా లాగు. కుట్ల మధ్య వెలుతురు కనిపిస్తే వద్దు. షాపువాడు గుర్రుగా చూస్తాడు, చూడనీ.

జిప్పులో పళ్ల కన్నా ముందు అరిగేది రన్నర్, అంటే మనం పట్టుకుని లాగే ముక్క. అది వదులైతే జిప్పు మూసినా వెనకాలే విచ్చుకుంటుంది. బ్యాగులు బాగుచేసేవాడు రన్నర్ ఒక్కటీ మార్చేస్తాడు, జిప్పంతా మార్చక్కర్లేదు. పెద్ద అరకి 8వ నంబరు కాయిల్ జిప్పు (పళ్లకి బదులు నైలాన్ చుట్ట ఉండేది), చిన్న అరలకి 5వ నంబరు ఉంటే మంచిది. ఎర్రమట్టి దుమ్ము పట్టినప్పుడు పాత టూత్‌బ్రష్‌తో దులిపి, కొవ్వొత్తి ముక్క రుద్దు. నూనె మాత్రం వెయ్యకు, అది దుమ్మును ఇంకా పట్టేస్తుంది.

షాపుకి హెల్మెట్టూ, నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండూ తీసుకెళ్లు. సీసాలు బ్యాగులో పెట్టి, ముందు నడుం పట్టీ తుంటి ఎముకల మీద బిగించు. తర్వాత భుజాలవి, ఆఖర్న ఛాతీది. ఛాతీ పట్టీ ఊపిరి ఆడేంత వదులుగా ఉండాలి. ఇప్పుడు హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి తలెత్తి ఎదురుగా చూడు. హెల్మెట్ వెనక అంచు బ్యాగుకి తగిలితే అది నీ వీపుకి పొడుగెక్కువ. అలాగే వంగి రెండుసార్లు ఎగురు. బ్యాగు మెడ మీదికి జారిందంటే నడుం పట్టీ పనిచేయట్లేదన్నమాట. నడుం పట్టీ లేని బ్యాగైతే ఇంత పరీక్ష కూడా దండగ. ఇనప సామానంతా అడుగున సర్దు, వెన్నెముకకి ఆనకుండా జాకెట్టు మడిచి మధ్యలో పెట్టు. పడినప్పుడు మల్టీటూల్ వెన్నులో గుచ్చుకుంటే చాలా ప్రమాదం.

బ్యాగులో పెట్టుకుని గొట్టంతో తాగే నీళ్ల సంచి పైనంతా వెడల్పుగా తెరుచుకునేది తీసుకో, చెయ్యి లోపలికి పోకపోతే కడగలేవు. అందులో మామూలు నీళ్లే పొయ్యి. గ్లూకోజూ నిమ్మరసమూ పోస్తే గొట్టంలో బూజు పడుతుంది, అవి వేరే సీసాలో పెట్టుకో. ఇంటికి రాగానే ఖాళీ చేసి, మూత తెరిచి, గొట్టం ఊడదీసి తలకిందులుగా ఆరేయి.

బ్యాగుని వాషింగ్ మెషీన్‌లో వెయ్యొద్దు. చల్లనీళ్లూ కాస్త సబ్బూ చాలు, నీడలోనే ఆరాలి. చెమట ఉప్పు పట్టి వీపువైపు జాలీ గుడ్డ బిరుసెక్కితే మామూలు నీళ్లలో నానబెట్టు. సెలవులకి కాకినాడ తెచ్చినప్పుడు మాత్రం తడిగా మడిచి అటకెక్కించకు. నీళ్లు దిగకుండా లోపల వేసే పీయూ (పాలియురెథేన్) పూతకి చెమ్మే శత్రువు, కొన్నాళ్లకి జిగురుజిగురుగా అయి పొరలుగా రాలుతుంది. అదయ్యాక బాగుచేయడం కుదరదు.

వచ్చేప్పుడు నీ నడుం పట్టీ వెడల్పుకి సరిపడే బకిల్ ఒకటి అదనంగా కొనుక్కో, మామూలుగా అది 25 మిల్లీమీటర్లు ఉంటుంది. మధ్యకడ్డీలో చీలిక ఉన్నదైతే పట్టీ అందులోంచి తోసెయ్యొచ్చు, కుట్టు విప్పే పని ఉండదు.

మీ మామయ్య