రకం సంగతి తర్వాత, చెట్లు కొట్టలేదు కదా?

అల్లుడూ,

కొండవాలు మీది రెండెకరాల్లో అరబికా కాఫీ వేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏ రకం వేస్తే గింజకు రుచీ ధరా వస్తాయో మామయ్యని అడగమన్నావట. చెప్తాను గానీ, ముందు ఇది చెప్పు: ఆ వాలు మీదున్న పనస, మామిడి చెట్లు ఉంచావా, కొట్టించేశావా?

నేను కొట్టించాను కాబట్టి అడుగుతున్నాను. ఒక ఏడాది డబ్బు అవసరమై తోటలో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు సగం అమ్మేశాను. మరుసటి వేసవిలో కాఫీ పూత చూసి మురిసిపోయాను, కొమ్మలు తెల్లగా నిండిపోయాయి. అదే కొంప ముంచింది. మోయలేనంత కాపు కాసి ఆకు రాలింది, కొమ్మలు చివరి నుంచి ఎండాయి. పండ్లు నీళ్ళలో పోస్తే చాలావరకు తాలు గింజలు, పైకి తేలాయి. ఆ తర్వాత కాండం తొలిచే పురుగు వచ్చింది. ఎండ తగిలే కాండం మీదే అది ఎక్కువగా గుడ్లు పెడుతుంది. మొక్కను పట్టి లాగితే పుటుక్కున విరిగేది. పీకి తగలబెట్టడమే మిగిలింది. పక్క తోట వాళ్ళదీ నా రకమే, ఒకే నారు. వాళ్ళ చెట్లు నీడలో నిక్షేపంగా ఉన్నాయి.

అరబికా పుట్టిందే ఇథియోపియా అడవిలో, పెద్ద చెట్ల కింద. దానికి 15 నుంచి 25 డిగ్రీల చల్లదనం కావాలి. చల్లగా ఉంటే పండు నిదానంగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది, తీపీ పులుపూ సరిగ్గా కుదురుతాయి. మన పాడేరు, అరకు వైపు ఎత్తు సుమారు 900 నుంచి 1,100 మీటర్లే. ఇంకా ఎత్తయిన కొండల్లో ఎత్తు వల్ల వచ్చే చల్లదనాన్ని మనం నీడతోనే తెచ్చుకోవాలి. అలాగని చీకటి చేసేయకు. నీడ మరీ దట్టమైతే పూత తగ్గుతుంది, తేమకు ఆకు తుప్పు తెగులు పెరుగుతుంది. వానలకు ముందు నీడచెట్ల కొమ్మలు కత్తిరించుకో.

ఇక రకం. కావేరి పొట్టి మొక్క, తొందరగా కాపుకొస్తుంది, కానీ ఎరువు, నీడ తగ్గితే పడిపోతుంది. చంద్రగిరి 2007లో వచ్చింది, గుబురుగా పెరుగుతుంది, గింజ లావు, తుప్పును బాగానే తట్టుకుంటుంది. ఎస్.795 పాతది, ఎత్తుగా ఎదుగుతుంది. తుప్పుకు మునుపటంత గట్టిది కాదు గానీ కప్పులో రుచి నాకు ఇప్పటికీ అదే ఇష్టం. సెలక్షన్ 9 లో ఇథియోపియా రకం రక్తం ఉంది, 2002లో కాఫీ బోర్డు రుచి పోటీలో బహుమతి కూడా కొట్టింది. నీ వాలుకి నన్నడిగితే ఎస్.795 సగం, చంద్రగిరి సగం. కలిపి నాటకు, వేర్వేరు మడులుగా పెట్టు. ఒకే రోజు పండవు, కోతలో తికమక పడతావు.

కోత గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు, ఎర్రబడిన పండే కోయి. పచ్చికాయ ఒక్క గుప్పెడు కలిసినా వగరు వస్తుంది. కోసిన రోజే పండు తోలు తీసే పల్పర్‌లో వేయాలి. తర్వాత పులియబెట్టిన గింజ మీది జిగురు పోయిందో లేదో గంటలు లెక్కపెట్టి తేల్చుకోకు, చలిని బట్టి మారుతుంది. గుప్పెడు తీసి నలిపి చూడు, గులకరాళ్ళలా గరగరలాడితే కడిగేయ్. నేను ఒకసారి సంతకు వెళ్ళి మర్చిపోయాను, ఆ బస్తా అంతా పుల్లటి కంపు.

విత్తనం మాత్రం ఎవరి తోటలోదో తేవద్దు. చింతపల్లి వైపు ఆర్వీ నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది, ముందుగా అడిగి పెట్టుకో. డిసెంబరు, జనవరిల్లో నారు పోస్తే జూన్ వానలకు నాటొచ్చు. మిరియాల తీగ ఇప్పుడే తెచ్చిపెట్టకు. పాకడానికి చెట్టుండాలి కదా, ఆ పనస సంగతి ముందు నాకు చెప్పు.

మీ మామయ్య